స్మోకీ పర్వతాల జాతీయోద్యానం: డేవిడ్ చాప్‌మన్ కృషి

జాతీయోద్యానాల చరిత్రను పరిశీలించినవారు సాధారణంగా ప్రభుత్వాల పేర్లను, శాస్త్రవేత్తల పేర్లను, ప్రకృతి ప్రేమికులైన రచయితల పేర్లను ప్రస్తావిస్తారు. వర్తకుల పేర్లు ఆ జాబితాలో అరుదుగా కనిపిస్తాయి. అడవిని కలపగాను, కొండను గనిగాను చూడడమే వ్యాపార దృష్టి అన్న అభిప్రాయం అందుకు కారణం కావచ్చు. ఈ అభిప్రాయానికి మినహాయింపుగా నిలిచిన వ్యక్తి అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని టెనెస్సీ రాష్ట్రం, నాక్స్‌విల్ నగరానికి చెందిన డేవిడ్ కార్పెంటర్ చాప్‌మన్ (1876–1944). టోకు మందుల వ్యాపారం చేసే చాప్‌మన్ తన జీవితంలోని ముఖ్యమైన సంవత్సరాలను గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయోద్యాన స్థాపనకు వెచ్చించాడు. ఆయన సాధించినదీ, ఆ సాధనకు ఇతరులు చెల్లించిన మూల్యమూ రెండూ కలిపి చూసినప్పుడే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

పర్వతాలు, ప్రజలు

అమెరికా తూర్పు భాగాన ఉత్తర దక్షిణాలుగా వ్యాపించిన అపలాచియన్ పర్వతశ్రేణిలో టెనెస్సీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు వెంబడి ఉన్న భాగమే గ్రేట్ స్మోకీ పర్వతాలు. దట్టమైన వృక్షసంపద నుంచి పైకి లేచే నీలి పొగమంచు వల్ల వాటికి ఆ పేరు వచ్చింది. వీటిలో అత్యున్నత శిఖరం ఎత్తు 6,643 అడుగులు. చిరకాలం క్లింగ్‌మన్స్ డోమ్‌గా వ్యవహరించిన ఆ శిఖరానికి 2024లో 'కువోహి' అనే చెరొకీ నామాన్ని అధికారికంగా పునరుద్ధరించారు.

ఈ నామ పునరుద్ధరణ వెనుక ఒక దీర్ఘమైన కథ ఉంది. ఈ కొండలు తొలుత చెరొకీ జాతివారి నివాసభూమి. 1830 నాటి ఆదివాసుల తరలింపు చట్టం ఆధారంగా 1838లో వారిలో అత్యధికులను సైనికబలంతో మిసిసిపి నదికి ఆవలి ప్రాంతాలకు తరలించారు. ఆ ప్రయాణంలో వేలాదిమంది మరణించారు. కొండల్లో మిగిలిపోయినవారి సంతతి నేటికీ ఉద్యానానికి దక్షిణాన క్వాలా ప్రాంతంలో నివసిస్తోంది. చెరొకీలు వదలవలసి వచ్చిన లోయల్లో శ్వేతజాతి రైతులు స్థిరపడ్డారు. కేడ్స్ కోవ్, కటలూచీ వంటి లోయల్లో వారు మొక్కజొన్న పండించి, పశువులను మేపుకొని, చిన్న చిన్న చర్చీలను నిర్మించుకొని మూడు నాలుగు తరాలు జీవించారు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో కలప కంపెనీలు ఈ కొండల్లోకి ప్రవేశించాయి. 1901లో ఏర్పడిన లిటిల్ రివర్ కంపెనీ వాగుల వెంబడి రైలుమార్గాలు వేసి, అంతకుముందు గొడ్డలి తాకని అడవిని నరికింది. నార్త్ కరోలినా వైపు చాంపియన్ ఫైబర్ కంపెనీ కాగితపు గుజ్జు కోసం విస్తారమైన భూములను కొనుగోలు చేసింది. నరికివేత అనంతరం మిగిలిన కొమ్మలు, ఆకులు ఎండి నిప్పంటుకోవడం, వానలకు కొండ మట్టి కొట్టుకుపోవడం నిత్యకృత్యమయ్యాయి. 1920 దశకం నాటికి అడవిలో అధికభాగం కంపెనీల వశమైంది. ఎత్తైన శిఖరాలమీద, దుర్గమమైన లోయల్లో మాత్రమే ప్రాచీనారణ్యం మిగిలింది.

ఒక ప్రశ్న, ఒక సంఘం

1923 వేసవిలో నాక్స్‌విల్‌లోని ఒక ఇనుము కంపెనీ నిర్వాహకుడైన విల్లిస్ డేవిస్, ఆయన భార్య యాన్ డేవిస్ పశ్చిమ రాష్ట్రాల్లోని జాతీయోద్యానాలను సందర్శించారు. అటువంటి ఉద్యానం తమ స్మోకీ పర్వతాల్లో ఎందుకు ఉండరాదని ఆమె భర్తను ప్రశ్నించినట్లు ప్రసిద్ధి. తిరిగి వచ్చిన వెంటనే డేవిస్ నగరంలోని వ్యాపారులను, మోటారు వాహనదారుల సంఘాన్ని, వాణిజ్యమండలిని కదిలించాడు. ఆ సంవత్సరాంతానికి గ్రేట్ స్మోకీ పర్వతాల పరిరక్షణ సంఘం ఏర్పడింది. యాన్ డేవిస్ 1924 ఎన్నికల్లో టెనెస్సీ శాసనసభకు ఎన్నికై, భూముల కొనుగోలుకు సంబంధించిన తొలి బిల్లును సభలో ప్రవేశపెట్టింది.

చాప్‌మన్ ఈ ఉద్యమంలో చేరిన తీరు గమనింపదగినది. ఆ కొండలను ఆయన బాల్యం నుంచి ఎరిగినవాడే. అయినప్పటికీ వాటిలో జాతి మొత్తానికి చెందవలసిన విశిష్టత ఏదో ఉన్నదని ఆయన తొలుత భావించలేదు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలంలో, 1902లో, దక్షిణ అపలాచియన్ అడవులపై వెలువడిన ప్రభుత్వ నివేదికను చదివిన తరువాతనే ఆయనకు ఆ విశ్వాసం కలిగింది. రెండు దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ప్రభుత్వ నివేదిక ఒక వర్తకుని చేతిలో కార్యసాధనమైంది. అటుపైన ఉద్యమ నాయకత్వం క్రమంగా ఆయనకు సంక్రమించింది.

ఈ వ్యాపారుల ఆలోచన కేవలం ప్రకృతి ఆరాధన నుంచి పుట్టలేదన్నది స్పష్టం. మోటారు కార్ల సంఖ్య ఏటేటా పెరుగుతున్న కాలమది. ఉద్యానం ఏర్పడితే మంచి రోడ్లు పడతాయి, యాత్రికులు వస్తారు, హోటళ్లు, దుకాణాలు వర్ధిల్లుతాయి. ఈ లెక్కను వారు ఎన్నడూ దాచలేదు. శాసనసభ్యుల ముందు ఆ లెక్కనే ప్రధాన వాదంగా నిలిపారు. అడవి నిలిచి ఉండడంలో నగరానికి లాభమున్నదని నిరూపించడమే చాప్‌మన్ అనుసరించిన మార్గం.

భూమి ఎవరిది?

1872లో యెల్లోస్టోన్‌తో మొదలైన అమెరికా జాతీయోద్యానాలు అధికభాగం పశ్చిమాన ఏర్పడ్డాయి. అక్కడి భూమిలో ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వానిదే. అందువల్ల పార్లమెంటు ఒక చట్టం చేస్తే చాలేది. స్మోకీ పర్వతాల పరిస్థితి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ ప్రతి ఎకరానికీ ఒక యజమాని ఉన్నాడు. కొన్ని పెద్ద కంపెనీలు, వందలాది చిన్న రైతులు, వేసవి విడిదుల కోసం స్థలాలు కొనుక్కున్న నగరవాసులు అందరూ కలిపి 6,000కు పైగా వేర్వేరు కమతాలు. ఉద్యానం కావాలంటే వీటన్నింటినీ సేకరించవలసి ఉంది.

1924లో ఆంతరంగిక వ్యవహారాల శాఖ కార్యదర్శి హ్యూబర్ట్ వర్క్ దక్షిణ అపలాచియన్ ప్రాంతంలో ఉద్యానానికి అనువైన స్థలాన్ని సూచించడానికి ఒక కమిటీని నియమించాడు. ఆ కమిటీ పర్యటన జాబితాలో టెనెస్సీ స్మోకీలు లేవు. ఆ వేసవిలో కమిటీ నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ నగరంలో సమావేశమైనప్పుడు చాప్‌మన్, ఆయన సహచరులు అక్కడికి వెళ్లి, నాక్స్‌విల్ ఛాయాచిత్రకారుడు జిమ్ థాంప్సన్ తీసిన చిత్రాలను సభ్యుల ముందుంచారు. ఫలితంగా ఆగస్టులో కమిటీ సభ్యులిద్దరు లకాంట్ శిఖరాన్ని స్వయంగా అధిరోహించి చూశారు. ఆ సంవత్సరాంతాన సమర్పించిన నివేదికలో కమిటీ వర్జీనియాలోని బ్లూ రిడ్జ్ ప్రాంతానికి మొదటి స్థానమిచ్చినప్పటికీ, స్మోకీల ప్రాముఖ్యాన్ని కూడా గుర్తించింది. సరిహద్దుకు ఆవల రచయిత హొరేస్ కెఫార్ట్, జపాన్‌లో జన్మించిన ఛాయాచిత్రకారుడు జార్జ్ మాసా ఇదే కృషిని నార్త్ కరోలినాలో కొనసాగించారు.

1926 మే 22న అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకంతో షెనండోవా, గ్రేట్ స్మోకీ ఉద్యానాలకు అనుమతి చట్టం వచ్చింది. అయితే ఆ చట్టంలో ఒక కఠినమైన నిబంధన ఉంది. భూమి కొనుగోలుకు ఫెడరల్ ఖజానా నుంచి డబ్బు ఇవ్వరు. రాష్ట్రాలు, ప్రజలు భూమిని కొని ప్రభుత్వానికి దానంగా అప్పగించాలి. కనీసం 1,50,000 ఎకరాలు అప్పగించిన తరువాతనే ప్రభుత్వం పరిపాలన బాధ్యత స్వీకరిస్తుంది. కార్యభారమంతా ఈ విధంగా స్థానికుల మీద పడింది.

నిధుల సేకరణ

చాప్‌మన్ వ్యాపార దక్షత ఈ దశలోనే వ్యక్తమైంది. రెండు రాష్ట్రాల్లో కలిపి పది లక్షల డాలర్ల వాగ్దానాలు సేకరించే కార్యక్రమం 1925–26లో సాగింది. సంపన్నులు వేల డాలర్లు ప్రకటించారు. బడిపిల్లలు చిల్లర నాణేలు పోగుచేసి ఇచ్చారు. లిటిల్ రివర్ కంపెనీకి చెందిన 76,507 ఎకరాలను 2,73,557 డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదిరింది. నాక్స్‌విల్ నగరం మూడో వంతు భరించాలన్న షరతుపై టెనెస్సీ రాష్ట్రం ఆ కొనుగోలుకు సమ్మతించింది. ఈ ఒప్పందంలో ఒక రాజీ కూడా ఇమిడి ఉంది. కొంత భాగంలో మరి పదిహేనేళ్లపాటు చెట్లు నరికే హక్కును కంపెనీ నిలుపుకొంది. ఉద్యానం కోసం కొన్న కొండల్లోనే 1930 దశకం చివరి వరకూ రంపాల చప్పుడు వినిపించింది.

1927లో నార్త్ కరోలినా శాసనసభ ఇరవై లక్షల డాలర్లు, టెనెస్సీ శాసనసభ పదిహేను లక్షల డాలర్లు మంజూరు చేశాయి. అదే సంవత్సరం భూసేకరణకు టెనెస్సీ ఏర్పాటుచేసిన ఉద్యాన కమిషన్‌కు చాప్‌మన్ అధ్యక్షుడయ్యాడు. అయినా అవసరమైన మొత్తంలో సగమే సమకూడింది. జాతీయోద్యాన సేవా సంస్థ ఉన్నతాధికారి ఆర్నో కామరర్ చొరవతో 1928లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తన తల్లి లారా స్పెల్‌మన్ స్మృత్యర్థం ఏర్పడిన నిధి నుంచి యాభై లక్షల డాలర్ల విరాళానికి ఏర్పాటు చేశాడు. స్థానికులు సమకూర్చే ప్రతి డాలరుకూ ఒక డాలరు చొప్పున ఆ నిధి నుంచి విడుదలవుతుంది. పిల్లలిచ్చిన నాణేలకు సైతం దీనివల్ల రెట్టింపు విలువ చేకూరింది.

1930 ఫిబ్రవరిలో రెండు రాష్ట్రాల గవర్నర్లు 1,58,000 ఎకరాలకు పైగా భూమి దస్తావేజులను కేంద్ర ప్రభుత్వానికి అప్పగించారు. కాని ప్రాచీనారణ్యం ఉన్న ప్రధాన భాగం అప్పటికి చాంపియన్ కంపెనీ చేతిలోనే ఉంది. కమిషన్ నిర్బంధ సేకరణకు దావా వేసింది. టెనెస్సీ వైపు ఉన్న 39,000 పైచిలుకు ఎకరాలకే జ్యూరీ 23 లక్షల డాలర్లకు మించిన విలువ కట్టడంతో ఉద్యానవాదులు దిగ్భ్రాంతులయ్యారు. చివరకు 1931లో రాజీ సంప్రదింపులు ఫలించి, రెండు రాష్ట్రాల్లోని సుమారు 93,000 ఎకరాలను కంపెనీ ముప్పై లక్షల డాలర్లకు అప్పగించింది.

ఇంతలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. పౌరులు చేసిన వాగ్దానాల్లో చాలా భాగం వసూలు కాలేదు. 1933 డిసెంబరులో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 15,50,000 డాలర్లను భూసేకరణకు కేటాయించాడు. 1938లో పార్లమెంటు మరి ఏడు లక్షల నలభై వేల డాలర్లకు పైగా మంజూరు చేసింది. ఫెడరల్ ధనంతో ఉద్యాన భూమి కొనరాదన్న నియమం ఈ విధంగా సడలిపోయింది. 1934 జూన్ 15న ఉద్యానం చట్టబద్ధంగా స్థాపితమైంది. 1940 సెప్టెంబరు 2న రెండు రాష్ట్రాల సరిహద్దుపై ఉన్న న్యూఫౌండ్ గ్యాప్ వద్ద రూజ్‌వెల్ట్ దానిని జాతికి అంకితం చేశాడు.

ఇళ్లు విడిచినవారు

ఈ చరిత్రకు మరొక పార్శ్వం ఉంది. ఉద్యమం ఆరంభంలో దాని సమర్థకులు లోయల్లోని రైతుల ఇళ్లకు, పొలాలకు ఏ ఆపదా ఉండదని హామీ ఇచ్చారు. ఆ మాట నమ్మి అనేకులు ఉద్యానాన్ని సమర్థించారు కూడా. 1927 చట్టంతో ఆ హామీ గాలికి పోయింది. అమ్మడానికి ఇష్టపడని యజమాని భూమిని కోర్టు ద్వారా స్వాధీనం చేసుకునే అధికారం కమిషన్‌కు లభించింది.

కేడ్స్ కోవ్ లోయలో జాన్ ఆలివర్ అనే రైతు ఈ అధికారాన్ని ఎదిరించాడు. ఆయన ముత్తాత 1818 ప్రాంతంలో ఆ లోయకు వచ్చిన తొలి శ్వేతజాతి నివాసి. ఆ భూమి అప్పటికింకా చెరొకీలదే. మునిమనుమడు గ్రామీణ తపాలా బట్వాడా చేస్తూ, చర్చిలో ప్రబోధకుడుగా ఉంటూ, ఆధునిక సేద్య పద్ధతులు పాటించిన విద్యావంతుడు. 1929లో ఆయనపై దావా దాఖలైంది. ఒక రాష్ట్రం తన సేకరణాధికారాన్ని కేంద్రానికి ఉపకరించే పనికి వినియోగించరాదన్న వాదనపై ఆలివర్ కింది కోర్టులో గెలిచాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోసింది. అనంతరం పరిహారం మొత్తంపై పోరాటం కొనసాగింది. 1937 చివర ఆయన లోయను విడిచిపోయాడు. చాప్‌మన్ ఆ లోయలో అడుగుపెట్టరాదనీ, నలభై మైళ్ల దూరంలో ఉండాలనీ హెచ్చరిస్తూ గ్రామస్థులు దారిలో ఒక బోర్డు నిలిపారు. నగరంలో ఉద్యాన పితామహుడుగా గౌరవం పొందిన వ్యక్తి పట్ల లోయవాసులకున్న భావన అది.

అందరిపట్లా ఒకే న్యాయం అమలు జరగలేదన్నది మరింత బాధాకరం. ఎల్క్‌మంట్ ప్రాంతంలో వేసవి విడిదులు కలిగిన నగరవాసులు పలుకుబడి గలవారు. వారు తగ్గించిన ధరకు భూమి ఇచ్చి, దానికి బదులుగా జీవితకాల లీజులు పొందారు. తరువాత ఆ లీజులను పొడిగించుకుంటూ వచ్చి, అత్యధికులు 1992 వరకూ, కొందరు 2001 వరకూ ఆ విడిదులను అనుభవించారు. కోర్టుకెక్కని సామాన్య రైతులలో పెక్కుమంది మాంద్యకాలంలో, బ్యాంకులు మూతపడుతున్న రోజుల్లో, చేతికందిన సొమ్ము తీసుకొని కొత్త ఊళ్లు వెతుక్కున్నారు. లిటిల్ గ్రీన్‌బ్రయర్‌లోని వాకర్ అక్కచెల్లెళ్లు మాత్రం కదలడానికి నిరాకరించారు. చివరకు 4,750 డాలర్ల పరిహారంతో పాటు తమ చిన్న దుంగల ఇంట్లో జీవితాంతం ఉండే హక్కును సంపాదించుకున్నారు. వారిలో చివరి సోదరి 1964లో మరణించింది.

కేడ్స్ కోవ్‌ను నేడు చారిత్రక గ్రామంగా సంరక్షిస్తున్నారు. దుంగల ఇళ్లు, చర్చీలు, తిరగలి మిల్లు యథాతథంగా నిలిచి ఉన్నాయి. పలకలతో కట్టిన కొత్త ఇళ్లను మాత్రం తొలగించారు. ఈ కారణంగా సందర్శకులకు ఆ లోయ ప్రజలు కాలానికి దూరంగా బతికినవారన్న భ్రమ కలుగుతుంది. తపాలా, టెలిఫోను, పర్యాటకుల వసతి గృహం ఎరిగిన ఆలివర్ తరం ఆ చిత్రంలో కనిపించదు.

ఫలితం, పరిశీలన

చాప్‌మన్ 1944లో మరణించాడు. స్మోకీ శ్రేణిలో 6,400 అడుగులకు పైగా ఎత్తుగల ఒక శిఖరానికి, నాక్స్‌విల్ నుంచి కొండల వైపు సాగే రహదారికి ఆయన పేరు పెట్టారు. నరికిన కొండలు ఎనిమిది దశాబ్దాల్లో మళ్లీ పచ్చబడ్డాయి. 1933 నుంచి 1942 వరకు సివిలియన్ కన్సర్వేషన్ కోర్ యువకులు వేసిన కాలిబాటలు, వంతెనలు ఇప్పటికీ ఉపయోగంలో ఉన్నాయి. దాదాపు 5,22,000 ఎకరాల్లో విస్తరించిన ఉద్యానంలో సుమారు నాలుగో వంతు ప్రాచీనారణ్యం. ముప్పై జాతుల సాలమాండర్లకు అది ఆవాసం. 1976లో అంతర్జాతీయ జీవావరణ మండలిగాను, 1983లో ప్రపంచ వారసత్వ స్థలంగాను యునెస్కో దానిని గుర్తించింది. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా కోటి ఇరవై లక్షలకు మించి సందర్శనలు నమోదవుతున్నాయి. అమెరికాలోని 'జాతీయోద్యానం' హోదా గల స్థలాలన్నింటిలో ఇదే అధికం. వ్యాపారులు వేసిన లెక్క వారి ఊహను మించి నిజమైంది. ఇప్పుడు ఉద్యానాధికారుల ముందున్న సమస్య యాత్రికులను రప్పించడం కాదు. వారి రద్దీ నుంచి అడవిని కాపాడడం.

భారతదేశంలో తొలి జాతీయోద్యానం స్మోకీ స్థాపన జరిగిన రెండేళ్లకు, 1936లో, నేటి ఉత్తరాఖండ్‌లో హెయిలీ పేరుతో ఏర్పడింది. అదే తరువాత కార్బెట్ జాతీయోద్యానమైంది. అక్కడ భూమి రక్షితారణ్యంగా ప్రభుత్వం చేతిలోనే ఉండడంవల్ల చందాలు, విరాళాలు అవసరం కాలేదు. అయితే అడవిపై ఆధారపడినవారి హక్కుల ప్రశ్న రెండు దేశాల్లోనూ ఒక్కటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉద్యాన ప్రకటనకు ముందు స్థానికుల హక్కులను విచారించి పరిష్కరించాలని నిర్దేశించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మరొక అడుగు ముందుకు వేసి, తరలింపుకు గ్రామసభ సమ్మతిని అవసరం చేసింది. నల్లమల చెంచులు మొదలు హిమాలయ పశుపాలకుల వరకు ఎందరి జీవితాలతోనో ముడిపడిన ఈ చట్టాలను అమలుచేసే అధికారులకు కేడ్స్ కోవ్ అనుభవం దూరదేశపు ముచ్చటగా తోచదు.

చాప్‌మన్ మీద తీర్పు చెప్పడం సులభం కాదు. ఆయన పూనుకోకపోతే మిగిలిన ప్రాచీనారణ్యం కాగితపు గుజ్జుగా మారిపోయేదనడానికి కలప కంపెనీల చరిత్రే సాక్ష్యం. లోయ రైతులు ఆ అడవిని నాశనం చేసినవారు కారన్నదీ అంతే వాస్తవం. కంపెనీలు నరికినదానికి అవి లక్షల డాలర్ల పరిహారం పొందగా, అడవి అంచున సేద్యం చేసుకున్నవారు ఊరినే కోల్పోయారు. ఎల్క్‌మంట్ విడిదులకు సాధ్యమైన జీవితకాల లీజు కేడ్స్ కోవ్ పొలాలన్నింటికీ ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్నకు ఉద్యాన చరిత్రకారులు నేటికీ సంతృప్తికరమైన జవాబు చెప్పలేకపోయారు. తొలినాళ్లలో ఇచ్చిన హామీని చట్టంలో ఒక నిబంధనగా రాసి ఉంటే ఆ ప్రశ్నే తలెత్తి ఉండేది కాదు. ప్రజాప్రయోజనం కోసం భూమిని కోరే ప్రతి పాలనా వ్యవస్థా నోటిమాటగా ఇచ్చే హామీకీ, చట్టంలో రాసే హామీకీ గల వ్యత్యాసాన్ని ఈ కొండల చరిత్ర నుంచి గ్రహించవలసి ఉంది.